అంటిన రంగు – అంటని రంగు



రంగుకాగితము లేని పండుగ మన యిండ్లలో నరుదు. సంక్రాంతికి గాలిపటములు, దసరాకు బొమ్మలకొలువు మెట్లపై పఱచు కాగితములు, పెండ్లిపందిళ్లకు తోరణములు, బిడ్డల పుస్తకములకు అట్టలు – ఇట్లు సంవత్సరము పొడవునను రంగుకాగితము మన చేతులలో మెలగుచునే యుండును. అయినను ఆ రంగు కాగితము నెట్లు పట్టుకొనియున్నదో, ఎప్పుడు విడిచిపోవునో మనలో నెందఱము విచారించితిమి? మేమును విచారించినవారము కాము. గడచిన శ్రావణమాసమున మా చేతులార జరిగిన యొక పొరపాటు మమ్ములను విచారింపజేసినది. ఆ పొరపాటును, దానివలన మేము నేర్చినదియు నలుగురితో చెప్పుకొనినచో మా మనోభారము కొంత తగ్గుటయే గాక, ఇతరుల యిండ్లలో నట్టిది జరుగకుండునను నాశతో నీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా యత్తగారికి పాటల పుస్తకమొకటి కలదు. ఆమె కాపురమునకు వచ్చిన క్రొత్తలో వ్రాసికొనినది. అందు మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింతల పాటలు, నలుగుపాటలు మొత్తము 43 కలవు. కొన్ని యామె తల్లిగారివలన నేర్చినవి, కొన్ని యీ యింటికి వచ్చినపిదప తన యత్తగారివలన నేర్చినవి. పాటల చరణములు నీలినల్ల సిరాతోడను, పల్లవులు మాత్రము ఎఱ్ఱసిరాతోడను వ్రాసినారు. ఆమె తండ్రిగారును బడిపంతులే. ఆయన బల్లమీది యెఱ్ఱసిరాబుడ్డిని అడిగి తెచ్చుకొని ముచ్చటపడి పల్లవులు వ్రాసితినని యామె పలుమారులు చెప్పుచుందురు.

ఆ పుస్తకపు అట్ట చినిగి దారములు వ్రేలాడుచుండెను. వరలక్ష్మీవ్రతమునాటికి దానిని క్రొత్తదానివలె చేసి యత్తగారి చేతిలో పెట్టవలెనని మాకు కోరిక గలిగినది. బజారునుండి మెఱయుచున్న గులాబిరంగు కాగితము తెచ్చి, పాతయట్టను తీసివేసి, ఆ కాగితముతో చక్కగ తొడుగు వేసి, దేవునిగదిలోని గూటియందుంచితిమి. ఆ రాత్రియే పెద్దవాన. మాది పెంకుటిల్లు. గూటి మీదుగ నీరు కారినది. తెల్లవాఱి చూచునప్పటికి తొడుగు కాగితపు రంగంతయు పుస్తకములోనికి దిగి, ప్రతిపుటయు గులాబినీళ్లలో ముంచినట్లుండెను. చరణములు మాత్రము నల్లగ నిలిచియున్నవి. ఎఱ్ఱసిరా పల్లవులు ఆ గులాబిరంగులో కలిసిపోయి, ఒక్కయక్షరమైనను తెలియకుండెను.

మేము పుస్తకమును పట్టుకొని నిలువునీరైతిమి. అత్తగారు వచ్చి చూచిరి. మమ్ము నొక్కమాట యనలేదు. "అక్షరములు పోయినవిగాని పాట పోయినదా, అమ్మాయీ? నాకు నోటికి రావా?" అని యూరడించిరి. కాని యా సాయంకాలము ఆమె యొక్కరును వసారాలో కూర్చుండి ఏదో పాట యెత్తుకొనబోయి, మొదటిమాట దొరకక, మరల మరల పెదవులు కదల్చుచుండుట మేము తలుపుచాటునుండి చూచితిమి. ఈ రెండేండ్లుగా ఆమెకు మఱపు హెచ్చుచున్నది. ఎత్తుగడ యందించినచో పాటయంతయు ననర్గళముగ వచ్చును. ఎత్తుగడ పోయినచో పాటకు పిడి లేదు. ఆ యెత్తుగడలే మా రంగుకాగితమువలన కొట్టుకొనిపోయినవి. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

మఱునాడు మా వారిని అడిగితిమి: "ఒకే పుస్తకము, ఒకే నీరు. నల్లసిరా యేల నిలిచినది? ఎఱ్ఱసిరా యేల పోయినది? గులాబిరంగు తన కాగితమును విడిచి యిన్ని పుటలకు నేల ప్రాకినది?" మా వారు బడిలో శాస్త్రపాఠములు చెప్పువారు. ఆయన నవ్వి, "ఈ ప్రశ్నలో రంగుల శాస్త్రమంతయు నున్నది. నేను చెప్పుటకంటె నీవే చేసి చూచితివేని బాగుగ తెలియును" అనిరి. అప్పటినుండి పదునైదు దినములు మా వంటయిల్లే ప్రయోగశాల యైనది. మా అమ్మాయి మాకు సహాయురాలు.

ముందుగ కాగితమనగా నేమో తెలియవలెను. కాగితము పలుచని రేకు కాదు. అసంఖ్యాకములైన నారపోగుల అల్లిక. మిల్లులలో కఱ్ఱను, వెదురును గుజ్జు చేసి, నీటిలో కలిపి, జల్లెడవంటి తీగెవలపై పఱచి, నీరు పిండి ఆరబెట్టుదురు. కఱ్ఱనారపోగు ఒక్కొక్కటి సుమారొక మిల్లీమీటరునుండి మూడు మిల్లీమీటర్ల పొడవుండును. దాని పదార్థము పేరు సెల్లులోజు. మన నూలుబట్టయు సెల్లులోజే. గ్లూకోజు అను చక్కెర యణువులు వేలకొలది గొలుసుగ కూడినచో సెల్లులోజగును. గంజియు గ్లూకోజు కూడికయే గాని ఆ కూడుతీరు వేఱు. అందువలన గంజి యుడుకునీట కరగును; బట్ట కరగదు. సెల్లులోజు గొలుసునకు పొడవునను చిన్నచిన్న కొక్కెములవంటి కూటములు కలవు. ఒక్కొక్కటి ఆమ్లజని యుదజనుల జంట. నీటిని ప్రేమించునవి యివియే. అందుచేతనే తడిబట్ట యంత యాలస్యముగ నారును. నీరు తగిలినప్పుడు పోగు ఉబ్బి దాని గోడలలోని సన్నని రంధ్రములు తెఱచుకొనును. రంగు లోనికి పోవలసిన ద్వారములవియే.

ఇంకొక్క సంగతి. నీటిలో నున్న కాగితపు పోగుపై కొంచెము ఋణవిద్యుత్తు నిలిచియుండును. రంగు అణువునకును విద్యుత్తు ఋణమో ధనమో యుండును. సజాతి యావేశములు తోసికొనును. విజాతి యావేశములు చేరదీసికొనును. ఈ రెండు విషయములు, అనగా కొక్కెములును ఆవేశమును, గుర్తుంచుకొనినచో తక్కిన దంతయు సుబోధమగును.

మొదటి ప్రయోగమునకు పసుపు తీసికొంటిమి. గోరువెచ్చని నీట పసుపు కలిపి తెల్లకాగితపు ముక్కలు ముంచి, తీసి, చల్లనినీట కడిగితిమి. పసుపు కొంచెము పోయినను చాలవఱకు నిలిచినది. పసుపునకు రంగు నిచ్చునది కర్క్యుమిను. ఇతరసహాయ మక్కఱలేకయే తనంతట సెల్లులోజును పట్టుకొను కొద్ది చెట్టురంగులలో నిది యొకటి. అదే ముక్కకు తడిసున్నము తాకింపగానే యెఱ్ఱనైనది. నిమ్మరసము పిండగానే మరల పసుపైనది. మన మనాదిగ నెఱుగుదుము గదా! పారాణియు దిష్టితీయు నెఱ్ఱనీళ్లును పసుపు సున్నముల కలయికయే. పసుపుమరక పడిన చీరకు సబ్బు తగిలిన నెఱ్ఱనగుటయు నిందువలననే. శాస్త్రజ్ఞులు క్షారమును గుర్తించుటకు వాడు పసుపుకాగితము, మన పారాణిపళ్లెమునకు చెల్లెలు.

కాని పసుపునకు సూర్యుడు శత్రువు. పసుపుముక్కలలో నొకదానిని పెట్టెలోను, ఒకదానిని ఎండలోను ఉంచితిమి. ఎండలోనిది కొన్ని దినములకే వెలవెలబోయినది. మా పెండ్లి శుభలేఖ మాకు జ్ఞప్తికి వచ్చినది. నాలుగు మూలల పసుపు పెట్టిన శుభలేఖ యొకటి పెట్టెలో నున్నది. దాని మూలలు నేటికిని పచ్చనివి. అద్దము కట్టించి గోడకు వ్రేలాడదీసిన దానికి పసుపు జాడయే లేదు. నీటికి నిలుచుట వేఱు, వెలుతురునకు నిలుచుట వేఱు. నీరు రంగును విడదీయును. వెలుతురు రంగు అణువునే విఱుగగొట్టును. ఈ భేదమును మనము తఱచు మఱచెదము.

రెండవ ప్రయోగమునకు మిఠాయిలలో కలుపు ఎఱ్ఱరంగును తీసికొంటిమి. మిఠాయిరంగులు పెక్కులు ఆసిడ్ రంగులను జాతికి చెందినవి. నీటిలో వీని యణువులు ఋణావేశము గలవి. కాగితమును దీనిలో ముంచగా మంచి యెఱ్ఱనైనది, చూచి మురిసితిమి. చల్లనినీట నొకమాఱు జాడించునప్పటికి చాలభాగము పోయినది. కాని మా వ్రేళ్లకంటినది మూడుదినములు పోలేదు! పట్టుదారమును నూలుదారమును కలిపి, నిమ్మరసము పిండిన రంగునీట వెచ్చజేసి కడుగగా, పట్టు ఎఱ్ఱగ నిలిచినది, నూలు వెలసిపోయినది. కారణమేమన, పట్టు, ఉన్ని, మన చర్మము – ఇవి మాంసకృత్తుల జాతివి. పులుపు తగిలినపుడు వానిపై ధనావేశము కలుగును. ఋణావేశపు రంగు వానిని పట్టుకొనును. కాగితమునకును నూలునకును ఆ ధనావేశము లేదు. ఎఱ్ఱసిరాలలో చిరకాలముగ వాడుచు వచ్చిన ఈయోసిను అను రంగును ఈ యాసిడ్ జాతిదే. మా యత్తగారి పల్లవులు కాగితముపై కూర్చుండినవే గాని కాగితముతో కూడినవి కావు. ఇన్నేండ్లు నీరు తగులలేదు గనుక నిలిచినవి. మా కంట నీరు తిరిగినది.

ఈ జాతిరంగును కాగితమున నిలుపవలెనన్న మధ్యవర్తి కావలెను. ఆ మధ్యవర్తి మన పటిక. పటికలోని అల్యూమినియము నీటిలో ధనావేశముతో నుండును. ఒకచేత ఋణావేశపు పోగును, ఇంకొకచేత ఋణావేశపు రంగును పట్టుకొనును. పొరుగువారి కలహము తీర్చు పెద్దముత్తైదువవలె నన్నమాట. 1807లో జర్మనీదేశపు ఇల్లిగు అను నాతడు రోజను అను చెట్టుబంకను పటికతో గుజ్జులో కలిపినచో కాగితముపై సిరా ప్రాకదని ప్రకటించెను. నాటినుండి మిల్లులలో పటికకు రాజ్యమే యైనది. కాని యందొక కీడును కలదు. పటికవలన కాగితమున పులుపు నిలిచి, ఏండ్లుగడచిన కొలది సెల్లులోజు గొలుసులు తెగి, కాగితము పెళుసై అప్పడమువలె విఱుగును. పాతపుస్తకముల పుటలు ముట్టుకొనగనే రాలుట కిదియే ముఖ్యకారణము. అందువలన నిప్పటి మిల్లులలో చాలచోట్ల పులుపులేని పద్ధతులు వచ్చినవి. రంగు నిలుపుటకు ధనావేశము గల వేఱు పదార్థములు వాడుదురు.

మూడవ ప్రయోగమునకు బిడ్డల నోటిపూతకు పూయు ఊదామందు, జెన్షన్ వయొలెట్, తీసికొంటిమి. ఇది బేసిక్ రంగులను జాతిది. దీని యణువు ధనావేశము గలది. ఒక చుక్క వార్తాపత్రిక కాగితముపైనను, ఒక చుక్క మంచి తెల్లకాగితముపైనను వేసి, ఆరనిచ్చి, కడిగితిమి. వార్తాపత్రికపై మచ్చ చెక్కుచెదరలేదు. తెల్లకాగితముపై కొంత వెలసినది. తేడా యేమన, వార్తాపత్రిక కాగితమును కఱ్ఱను నూఱి చేయుదురు. కఱ్ఱలో పోగులను జిగురువలె నంటించియుండు లిగ్నిను అను పదార్థము దానిలోనే నిలిచిపోవును. దానిపై ఋణావేశపు కూటములు హెచ్చు. ధనావేశపు రంగునకది పుట్టినిల్లు వంటిది. ఎండ తగిలిన వార్తాపత్రిక పచ్చబాఱుటయు నీ లిగ్నినువలననే. తెల్లకాగితమునుండి లిగ్నినును తీసివేసియుందురు. 1859లో ఫ్రాంసుదేశమున వెర్గ్వె చేసిన మెజెంటా మొదలగు పెక్కు రంగులు ఈ బేసిక్ జాతివే. కన్నులు మిఱుమిట్లు గొలుపును, ధర తక్కువ, కాని వెలుతురునకు త్వరగ వెలసిపోవును. చౌకకాగితములకు వీనిని వాడుటకు కారణమిది.

ఇక నాలుగవ జాతి డైరెక్టు రంగులు. పేరునకు తగినట్లు మధ్యవర్తి లేకయే సెల్లులోజును సూటిగ పట్టుకొనును. 1884లో జర్మనీదేశమున బ్యోటిగరు చేసిన కాంగో ఎఱుపు వీనిలో మొదటిది. ఈ రంగుల యణువులకును ఋణావేశమే కదా, ఎట్లు పట్టుకొనునని మాకు సందేహము కలిగినది. మా వారు మా కొప్పులోని జడపాయలను చూపి చెప్పిరి: "ఈ యణువులు పొడవుగ, చదునుగ నుండును. సెల్లులోజు గొలుసును పొడవైనదే. పాయప్రక్కన పాయవలె రంగు అణువు గొలుసు వెంబడి పరుండి, తన కొక్కెములను దాని కొక్కెములకు తగిలించును. ఒక్కొక్క కొక్కెము బలహీనమే. దానినే ఉదజని బంధమందురు. పెక్కు కొక్కెములు కూడినపుడు బలమగును. చదునైన రెండు పలకలు తడిలో నతుకుకొనినట్లు దగ్గఱతనమువలన గూడ కొంత బలము వచ్చును." నూలుకు రంగువేయునపుడు ఉప్పు కలుపుట యెందులకో అప్పుడు మాకు తెలిసినది. ఉప్పు నీటిలో విడివడి, రంగునకును పోగునకును గల ఋణావేశముల పోరును కప్పిపుచ్చును. రంగు దగ్గఱకు చేరగలుగును. తుడుచుకొను కాగితములు, వ్రాతకాగితములు మొదలగువానికి మిల్లులలో నేడు వాడు రంగులలో పెక్కు ఈ జాతివి.

వీని కన్నిటికిని మించిన కట్టు 1956లో ఇంగ్లాండుదేశమున అంగడికి వచ్చిన రియాక్టివ్ రంగులది. ఇవి కొక్కెము తగిలించుటతో తృప్తిపడవు. క్షారముతో కూడినపుడు సెల్లులోజుతో రసాయనసంయోగమే చెంది, దానిలో నొక భాగమైపోవును. మనము కట్టు నూలుచీరల గట్టిరంగులు తఱచు ఇవియే. కాగితమున కింత శ్రమ యేటికని మిల్లులవారు వీనిని తక్కువగ వాడుదురు.

తెల్లకాగితమునకును రంగుండునన్న నమ్ముదురా? గుజ్జులోని పచ్చదనమును మాపుటకు, మనము పంచెలకు నీలము పెట్టినట్లు, మిల్లులవారును కొంచెము నీలము కలుపుదురు. అంతియే కాక, సూర్యకాంతిలోని కంటికి కనబడని కిరణములను త్రాగి నీలపు వెలుగు నిచ్చు పదార్థములను గూడ చేర్చుదురు. అవియు డైరెక్టు రంగులవలెనే పోగును పట్టుకొనును.

ఇక నీలినల్ల సిరా మాట. ఇది రంగులలోని వింత. కరక్కాయ, మాచికాయ మొదలగు వగరుకాయలలోని రసమును ఇనుపలవణముతో కలిపి చేయు సిరా యిది. బుడ్డిలో నున్నంతసేపు నీటిలో కరగియుండి, వ్రాసినవెంటనే పోగుల రంధ్రములలోనికి దిగును. పిదప గాలి సోకి, కరగని నల్లనిపదార్థమై లోననే గడ్డకట్టుకొనును. లోనికి పోవునపుడు సన్ననిది, లోన చేరినపిదప లావైనది. మరల వెలికి రాలేదు. అరటికాయ తఱుగునపుడు ఇనుపకత్తిపీటయు మన వ్రేళ్లును నల్లబడుటకును కారణమిదియే – వగరునకును ఇనుమునకును గల సంబంధము. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు ముందుగ బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీట నానబెట్టి, ఇనుమును బెల్లపునీట నూరవేసి చేసిన కసిమితో గీతలు గీయగా, ఆ గీతలు బట్టపైననే నల్లనగుటయు నిట్టిదే. పటిక పూసినచోట్ల చిరివేరుతోనో మంజిష్ఠతోనో కాచినప్పుడు ఎఱ్ఱదనము నిలుచును, పూయనిచోట నిలువదు. బట్టయు కాగితమును ఒక్క సెల్లులోజే గావున, బట్టకు మన పెద్దలు కనుగొన్న యుపాయములన్నియు కాగితమునకును చెల్లినవి.

పూర్వులు కాగితమునకు వేసిన రంగులును ముచ్చటైనవి. చీనాలో 868వ సంవత్సరమున అచ్చువేసిన వజ్రచ్ఛేదిక యను బౌద్ధగ్రంథపు కాగితము పసుపువన్నెది. హువాంగ్‌బో అను చెట్టుపట్టతో వేసిన ఆ రంగు పురుగులనుండి పుస్తకమును కాపాడునని వారు నమ్మిరి. ఆ పట్టలోని బెర్బెరిను అను పదార్థమే మన మందులలోని మానుపసుపులోను కలదు. ఇటలీలో నీలిగుడ్డల పేలికలనే గుజ్జు చేసి నీలికాగితము చేసిరి; 1506లో వెనిసునగరమున నున్నపుడు జర్మను చిత్రకారుడు డ్యూరరు అట్టి కాగితముపై బొమ్మలు వ్రాసెను. గుడ్డలోని నీలి గుజ్జులోనికి వచ్చినను పోగును విడువలేదు.

నీలిమందు స్వభావమును తెలిసికొనినపుడు, చిన్ననాట మా తండ్రిగారు మాకు సాహిత్యదర్పణము చెప్పుచు వివరించిన యొక విషయము మెఱపువలె తట్టినది. విశ్వనాథుడు పూర్వరాగమును మూడువిధములుగ విభజించెను: నీలీరాగము, కుసుంభరాగము, మంజిష్ఠారాగము. మిక్కిలి శోభింపదు గాని వదలిపోనిది నీలీరాగము. శోభించును గాని పోవునది కుసుంభరాగము. పోనిదియు మిక్కిలి శోభించునదియు మంజిష్ఠారాగము. అప్పుడు కంఠస్థము చేసితిమే గాని, అలంకారికునిది కవిత్వమే యనుకొంటిమి. అది రంగులవాని యనుభవము కూడ నని యిప్పుడు తెలిసినది. నీలి నీట కరగదు. కుండలో పులియబెట్టి కరగునట్లు చేసి బట్ట ముంచి గాలికి పట్టినచో, పోగులోననే మరల కరగని నీలమై చిక్కుకొనును. కుసుంబపువ్వు ఎఱ్ఱదనము పోగును పైపైననే పట్టుకొని, ఎండకును సబ్బునకును తాళదు. మంజిష్ఠ పటికచేతిని పట్టుకొని పోగుతో ముడిపడును. రాగమనగా రంగు, రాగమనగా అనురాగము; రెండింటికిని కట్టే ప్రధానమని మన పెద్దలు గ్రహించిరి.

గులాబికాగితము మాట మిగిలినది. గుజ్జులోననే రంగు కలిపి, దానిని కట్టి, పిదప కాగితము చేసినచో రంగు పోగుపోగునకును నంటును. తయారైన తెల్లకాగితమును రంగునీట ముంచి యారబెట్టినచో, అంటినంత అంటి, మిగిలినది పైననే పొడివలె నిలుచును. మేము తెచ్చినది రెండవ తీరుది. మిగిలిన యొక ముక్కను తడిగుడ్డతో నద్దగానే గుడ్డ గులాబియైనది. ఆ యొక్క పరీక్ష తొడుగు వేయకముందు చేసియున్నచో నీ కష్టము రాకపోవును.

కావున సోదరీమణులకు మా విన్నపమిది. విలువగల పుస్తకమునకు రంగుకాగితము తొడిగెడిముందు, దాని మూల నొకదానిని తడిసిన తెల్లగుడ్డతో అర నిమిషము అద్ది చూడుడు. గుడ్డకు రంగంటినచో దానిని తోరణములకే యుంచుడు. పొరపాటున పుస్తకము తడిసినచో రుద్దకుడు, కడుగకుడు, ఎండలో పెట్టకుడు. రంగుతొడుగును వెంటనే తీసివేసి, పుటల నడుమ రంగులేని అద్దుడుకాగితము లుంచి, గంటగంటకు మార్చుచు, నీడలో గాలికి ఆరనిండు. నిలువవలసిన వ్రాతను బంగారమువంటి మెఱుగు సిరాతో గాక, నీటికి చెదరని నల్లసిరాతోనో, సీసపుకలముతోనో వ్రాయుడు. దీపపుమసియు సీసపుకలపు నలుపును బొగ్గు జాతివే. నీట కరగవు, ఎండకు వెలయవు.

ఇక మా పుస్తకము సంగతి. రంగుకట్టు తెలిసినంతమాత్రమున పోయిన యక్షరములు తిరిగిరావు. పల్లవులను తిరిగి తెచ్చుటకు మేమొక యుపాయము పన్నితిమి. ప్రతిసాయంకాలము దీపము పెట్టిన తరువాత అత్తగారి ప్రక్కను కూర్చుండి, నిలిచిన చరణమును మేమే మెల్లగ పాడితిమి. చరణము చివరకు వచ్చి యాగితిమి. ప్రతిచరణము పిదపను పల్లవి రావలసినదే గదా! ఆమె తడుముకొనకయే పల్లవి నెత్తుకొనిరి. "ఇదిగో, ఇదిగో" యని మా అమ్మాయి చప్పట్లు కొట్టుచు వ్రాసికొనెను. "ఎవరు నేర్పిరి నాయనమ్మా యీ పాట?" అని యడుగగా, ఆ పాటతోపాటు ఎన్నడును మాకు చెప్పని కథలును వెలువడినవి. తన పెండ్లినాటి నలుగుపాట పాడినది యెవరో, తల్లిగారు లాలిపాట పాడుచు నేడ్చిన దెందులకో మాకు అప్పుడు తెలిసినది. ఇన్నేండ్లు ఒకయింట నుండియు మేము అడుగలేదు, ఆమె చెప్పలేదు.

ఇట్లు 41 పల్లవులు తిరిగివచ్చినవి. రెండు రాలేదు. ఒకటి అప్పగింతల పాట. రెండవది ఆమె తల్లిగారి లాలి. చరణము పాడి యెన్నిసారులాగినను, "ఉన్నది, అమ్మాయీ, ఇక్కడనే యున్నది, పట్టుబడుటలేదు" అని కంఠముపై చేయి యుంచుకొందురు. క్రొత్త పుస్తకములో నా రెండింటికిని మొదటి రెండేసి పంక్తులు ఖాళీగ విడిచితిమి. మేము కల్పించి వ్రాయలేము. వ్రాసిన నది ఆమె తల్లిగారి పాట కాదు.

క్రొత్త పుస్తకమును నల్లసిరాతోడనే వ్రాసి, రంగులేని గట్టి నూలుగుడ్డ అట్టగ వేసితిమి. దానిని చూచి యత్తగారు, "ఇంత బోసిగనా?" అనిరి. మేము తలవంచుకొంటిమి. ఆమె లోనికిపోయి పసుపు తడిపి తెచ్చి, అట్ట నాలుగు మూలలను తమ చేతితోనే అద్దిరి. "ఇది వెలసిపోవునత్తయ్యగారూ" అంటిమి. "వెలసిననాడు మరల పెట్టుకొనవచ్చును. ఏటేట శ్రావణమున పెట్టుచుండుడు" అనిరి.

పాత పుస్తకమును పాఱవేయలేదు. గులాబిమరకలతోడనే దానిని పెట్టెలో దాచితిమి. మొన్న అత్తగారు గిన్నెలో పసుపు తడుపుచు తమలో తాము ఏదో రాగము తీయుచుండిరి. అది ఆ లాలి రాగమే. మాట యింకను రాలేదు. మేము చప్పుడు చేయక, కలము చేతపట్టుకొని గుమ్మమువద్ద కూర్చుంటిమి.